కొంగునాటి పచ్చిక బీళ్లు

కొంగునాట కాంగేయము, ధారాపురము ప్రాంతములందు వానలు స్వల్పము. అచ్చటి రైతులు మెట్టనేలలను ముళ్లకిళువ కంచెలతో మళ్లుగా విభజించి, పశువుల మేతకై తరతరములుగా కాపాడుకొనుచున్నారు. వీనికి తమిళమున ‘కొరంగాడు’ అని పేరు. ప్రసిద్ధమైన కాంగేయపు ఎడ్లు ఈ బీళ్లయందే పెరిగినవి. ఆ జాతిని వృద్ధిచేసిన వారిలో పాళయకోట పట్టగారు నల్లతంబి సర్కరై మన్రాడియారు ముఖ్యులు.

ఈ బీళ్లలో నేలపై కొళుక్కట్టై గడ్డియు, నడుమ తెల్లతుమ్మ చెట్లును ఉండును. గడ్డి ఎండిన కాలమున తుమ్మకాయలు పశువుల ఆకలి తీర్చును.

గడ్డి విలువ దాని ఎత్తును బట్టి గాక, వయస్సును బట్టి తేలును. లేతగడ్డిలో మాంసకృత్తులు ఎక్కువ. వెన్ను తీసిన పిదప కాడలలో లిగ్నిన్ అను కఱ్ఱపదార్థము పెరుగును. నెమరువేయు పశువుల పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు పీచును జీర్ణింపజేయగలవు, లిగ్నిన్‌ను కరగింపజాలవు. అంతేకాక, లిగ్నిన్ పీచును పెనవేసికొని దానిని గూడ వానికి అందనీయదు. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్లకు తగ్గినచో ఆ సూక్ష్మజీవులు క్షీణించును; పశువు తినుటయు తగ్గును. వరిగడ్డిలో ఇవి సుమారు 3, 4 పాళ్లు మాత్రమే. కనుకనే వాములు నిండుగా ఉన్నను ఒక్క ఎండుగడ్డితో పశువు చిక్కిపోవును. మందను ఒక మడినుండి మఱియొక మడికి మార్చుటలోని మర్మమిదియే: విడిచిన మడిలో గడ్డి మరల లేతగా చిగిర్చును.

తెలుగువారికి ఈ విద్య పరాయిది కాదు. తమిళనాట స్థిరపడి నేటికిని ఇంట తెలుగు పలుకు రాజకంబళ నాయకులు పూర్వము పశుపాలకులు. దేవునికి విడిచిన ఎడ్లను పూజించుట వారి ఆచారము. తెలుగువారు పెక్కుమంది నివసించు హోసూరున 1824లో సైన్యపు గుఱ్ఱములకై నెలకొల్పిన క్షేత్రము పిదప పశుక్షేత్రమైనది. అచ్చట పనిచేసిన లిటిల్‌వుడ్ దొర దక్షిణదేశపు పశువులను గూర్చి 1936లో గ్రంథము ప్రకటించెను.

నేడు ట్రాక్టరు వచ్చి ఎద్దుకు పని తగ్గినది. కాంగేయపు జాతి సంఖ్యయు తగ్గినది. ఎద్దు లేనిచో బీడును కాపాడువాడుండడు. బీడు ఇండ్లస్థలమైనచో గడ్డి పోవును. గడ్డితోబాటు దాని పేరును, కోయదగిన అదనును ఎఱిగిన మాటయు పోవును. గరిక, చెంగలి, బోద అని పిల్లలకు గడ్డిని చూపి పేరు చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఆ మాటలను సేకరించి భద్రపఱచుట ప్రవాసాంధ్రుల కర్తవ్యము.