అస్థిభంగమును ఆరోగ్యధర్మమును

హైదరాబాదునగరమున పంజాగుట్టయందలి నిజాము వైద్యవిజ్ఞానసంస్థ మొదట ఎముకల యాసుపత్రిగా వెలసినది. నిజాము ధర్మనిధివారి యాదరణమున 1960వ దశకమున ఏర్పడిన యా వైద్యాలయము 1980లో సర్వాంగవైద్యసంస్థ యై, 1989లో శాసనసభ చేసిన చట్టముచే విశ్వవిద్యాలయప్రతిపత్తిని బడసెను. విఱిగిన యెముక వైద్యునికి చికిత్స చేయదగిన బాధ. ఆ యెముకయే పరులచే విఱుగగొట్టబడినదైనచో రక్షకభటునకు నేరసాక్ష్యము. ఒక్క గాయమునకు గల యీ రెండు రూపములలో నేది ముందు, ఏది వెనుక యను ప్రశ్నకు మనదేశమున దీర్ఘమైన చరిత్ర గలదు.

సుశ్రుతసంహిత సద్యోవ్రణములను ఛిన్నము, భిన్నము, విద్ధము, క్షతము, పిచ్చితము, ఘృష్టము అని ఆఱు విధములుగా విభజించి, భగ్నచికిత్సకు వేఱుగ నొక యధ్యాయమును కేటాయించినది. అందు విచారము గాయమును గూర్చియే కాని కొట్టినవానిని గూర్చి కాదు. కొట్టినవాని విచారము ధర్మశాస్త్రములలో దండపారుష్యమను వివాదపదముక్రింద వచ్చును. మనుస్మృతియు యాజ్ఞవల్క్యస్మృతియు అపరాధి రాజునకు దండము చెల్లించుటయే గాక, గాయపడినవాడు కోలుకొనుట కగు వ్యయమునుగూడ భరింపవలె నని విధించినవి. దీనికి సముత్థానవ్యయ మని పేరు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెలుగుపద్యములలోనికి దెచ్చుటచే ఆ న్యాయశాస్త్రము మనవారికి స్వభాషయందే లభించెను. అయితే నిమ్నజాతివాడు కొట్టినచో వాని యంగమునే ఛేదింపుమను విధియు నా స్మృతులలోనే యున్నది. సముత్థానవ్యయమును పొగడువారు దీనిని మఱుగుపఱుపరాదు.

1860 నాటి భారతశిక్షాస్మృతి గాయమునకు వేఱొక కొలమానమును నిర్ణయించినది. హైదరాబాదురాష్ట్రమునకు ఈ స్మృతి 1951లో వర్తించెను. అందు ఘోరగాయము లెనిమిది. కన్ను పోవుట, చెవి వినబడకుండుట, అవయవము చెడుట, మొగము వికృత మగుట మున్నగువాని పిదప ఏడవది ఎముకగాని పన్నుగాని విఱుగుటయో తొలగుటయో. ఎనిమిదవది ప్రాణాపాయకరమైన గాయము, లేదా 20 దినములు తీవ్రబాధ గలిగించునట్టియో నిత్యకృత్యములను జేసికొననీయనట్టియో గాయము. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత ఈ 20 దినములను 15కు దగ్గించినది. పన్ను ఊడినచో ఘోరము. ఒడలెల్ల కమిలినను మఱునాడు నీళ్లు మోయగలిగినచో సామాన్యము! న్యాయస్థానమునకు స్పష్టమైన కొలత యావశ్యకమే. కాని యేండ్లతరబడి యింటిలో దెబ్బలు తిను స్త్రీ బాధ యీ కొలతలో నిముడదు. ఏనాటి దెబ్బ యానాటికి చిన్నదే. వానిని కూడబెట్టి చూచు లెక్క శిక్షాస్మృతియందు చిరకాలము లేకుండెను. భర్తయు, వాని బంధువులును పెట్టు క్రూరహింసను నేరముగా గణించు విధి 1983లో గాని చేరలేదు.

ఈ సాక్ష్యదృష్టి యొక్క పరాకాష్ఠ మెడికో లీగల్ కేసు అను వ్యవహారము. కారు తగిలి పడిపోయిన యొక స్కూటరు చోదకుని సమీపమందలి యాసుపత్రివారు చేర్చుకొనక, అట్టి కేసుల నంగీకరించు 20 కిలోమీటరుల దూరపు ఆసుపత్రికి బంపగా, అతడు దారిలోనే మరణించెను. పరమానంద కటారా వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1989 ఆగస్టు 28న, ప్రాణరక్షణమే వైద్యుని ప్రథమధర్మ మనియు, పోలీసు లాంఛనములు దానికి అడ్డు రారా దనియు తీర్పు చెప్పెను. 2013లో అత్యాచారమునకును ఆమ్లదాడికిని గుఱియైనవారికి సర్వవైద్యాలయములును ఉచితచికిత్స చేయవలె నని చట్టమయ్యెను. సముత్థానవ్యయము తిరిగివచ్చినది. భరించువాడు మాత్రము మాఱెను.

గాయమును మాన్పుట ఒకటి, గాయము పుట్టుచోటును వెదకుట వేఱొకటి. పంజాగుట్టకు పొరుగున నున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డు రాసు దోమ కడుపున మలేరియాక్రిమిని గాంచెను. నాటినుండి చలిజ్వరమును గూర్చిన విచారము రోగి మంచమును విడిచి నీటిగుంటల దాక బోయెను. హింసనుగూడ నిట్లే పరిశీలింపవలె నని ప్రపంచారోగ్యసభ 1996లో తీర్మానించినది. 2000వ సంవత్సరమున హింసచే సుమారు 16 లక్షలమంది మరణించి రని 2002లో వెలువడిన నివేదిక తెలిపెను. వారిలో యుద్ధమృతులు అయిదవవంతు మాత్రమే.

జెనీవా తీర్మానమునకు నాలుగేండ్లు ముందే, 1992లో, నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు తమ దెబ్బల మూలమును సారాదుకాణమున గుర్తించిరి. అక్షరాస్యతాతరగతులలో మొదలైన మాట యుద్యమమై, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 నాటి సంపూర్ణమద్యనిషేధము 1997లోనే సడలినను, వారు చేసిన నిదానము తప్పు గాదు. భర్తలను ఒక్కొక్కరిని ఠాణాకు బట్టి యిచ్చుటతో తృప్తి పడక, వారు గుంట నెండగట్ట జూచిరి.

2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింసాచట్టము హింసను నిర్వచించుచు ఆరోగ్యమును మొట్టమొదట బేర్కొన్నది. ఎముక ప్రసక్తి యందు లేదు. ముందుగా ఫిర్యాదు నమోదు కాలేదను కారణమున వైద్యాలయ మేదియు నట్టి స్త్రీకి చికిత్స నిరాకరింపరా దని దాని నియమావళి చెప్పుచున్నది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, తెలంగాణమున 18 మొదలు 49 ఏండ్ల వయస్సు గల వివాహితలలో నూటికి సుమారు 37 మంది భర్తచేతి హింసను జెప్పిరి. దేశము మొత్తముమీద హింసకు లోనైన స్త్రీలలో ఇతరుల సాయము గోరినవారు నూటికి 14 మందియే. ఆ కొలదిమందిలోను అధికులు పుట్టినింటివారి కడకే పోయిరి గాని, వైద్యునితో జెప్పినవారు మిక్కిలి యరుదు.