మూసిన గదిలోని యంత్రము

అద్దెకుండువానికి ఇంటి యజమానిపై కొంత నమ్మకము ఉండక తప్పదు. రెండవ తాళపుచెవి యజమానివద్ద ఉన్నను, తాను లేనప్పుడు అతడు గది తెరువడని అద్దెకున్నవాడు నమ్మును. నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వశాఖలు తమ లెక్కలను, దస్తరములను ఇతరుల కంప్యూటర్లలో అద్దెకు ఉంచుచున్నవి. అక్కడ కూడ ఇట్టి నమ్మకము మీదనే ఆధారపడవలెనా? లేక యజమాని తలచినను తెరువలేని గదిని కట్టవచ్చునా? కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు సమాధానము వెదకి, అట్టి గదిని కట్టిరి. గోడలు గట్టిగనే నిలిచినవి. కాని లోపలివాడు బయటివానితో మాటాడుటకు పెట్టిన చిన్న కిటికీ పెక్కు చిక్కులను తెచ్చినది. ఆ చిక్కుల కథయే ఈ వ్యాసము.

ఒకే యంత్రములో అనేక యంత్రములు

1960 దశకములో కంప్యూటరు ఒక పెద్ద గదినంతయు ఆక్రమించు యంత్రము. ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను ఉపాయమునకై అన్వేషణ సాగుచుండెను. అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున ఐ.బి.ఎం. సంస్థవారి శాస్త్రకేంద్రము సి.పి.-40 అను ప్రోగ్రామును తయారుచేసెను. 1967 జనవరి నాటికి అది పనిలోనికి వచ్చినది. దాని వలన, కొంత మార్పు చేసిన ఒక సిస్టం 360 యంత్రము ఏకకాలమున 14 యంత్రములవలె ప్రవర్తింపగలిగెను. వాడుకొను ప్రతివానికిని తనకొక పూర్తి కంప్యూటరు ఉన్నట్లే తోచును. నిజమునకు ఉన్నది ఒక్కటే. ఇట్లు తోచు యంత్రమునకు కల్పిత యంత్రము, అనగా వర్చువల్ మెషీన్, అని పేరు. ఇట్టి యంత్రములను నడుపు ప్రోగ్రామును హైపర్‌వైజరు అందురు. మన ఉపమానములో హైపర్‌వైజరు ఇంటి యజమాని. కల్పిత యంత్రము అద్దెకున్న అతిథి.

ఇది ఎట్లు సాధ్యమగును? కంప్యూటరులోని ప్రాసెసరు చేయు ప్రతి పనియు ఒక ఆదేశము. రెండంకెలను కూడుట, ఒకచోటి అంకెను మరొకచోట ఉంచుట వంటి ఆదేశములను అతిథి స్వయముగా నెరవేర్చుకొన్నను ఎవరికిని హాని లేదు. కాని మొత్తము యంత్రము యొక్క స్థితిని మార్చు ఆదేశములు కొన్ని కలవు. అతిథి అట్టి ఆదేశమును చేపట్టగనే ప్రాసెసరు దానిని నిలిపి హైపర్‌వైజరును పిలువవలెను. హైపర్‌వైజరు ఆ ఆదేశమును చదివి, అది నిజముగా జరిగినట్లు అభినయించి, ఫలితమును అతిథికి అందించి, మరల నడువనిచ్చును. యంత్రస్థితితో సంబంధించిన ఆదేశములన్నియు ఈ విధముగా పట్టుబడునట్టివే అయినచో కల్పిత యంత్రములను నిర్మింపవచ్చునని 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

ఇంటెల్ సంస్థవారి ఎక్స్86 జాతి ప్రాసెసర్లు ఈ నియమమునకు లోబడలేదు. పెంటియం ప్రాసెసరులో పట్టుబడవలసి యుండియు పట్టుబడని ఆదేశములు 17 కలవని 2000 సంవత్సరమున రాబిన్, ఇర్వైన్ అను పరిశోధకులు లెక్కించిరి. వానిలో కొన్ని ఆదేశములను అధికారములేని ప్రోగ్రాము వాడినచో ప్రాసెసరు ఎవరికిని చెప్పక మిన్నకుండును. పిలుపు రానిదే హైపర్‌వైజరు అభినయించునదెట్లు? 1999లో వి.ఎం.వేర్ సంస్థ అతిథి ప్రోగ్రామును నడుపుటకు ముందే అట్టి ఆదేశములను మార్చి వ్రాయు ఉపాయముతో ఈ ఇబ్బందిని దాటెను. తరువాత 2005లో ఇంటెల్, 2006లో ఎ.ఎం.డి. సంస్థలు ప్రాసెసరులోనే తగిన ఏర్పాటు చేసినవి. 2007లో లినక్స్ లోనికి కె.వి.ఎం. అను హైపర్‌వైజరు వచ్చి చేరినది.

అభినయములోని కష్టము

ఎక్స్86 ఆదేశము పొడవు ఒక బైటు నుండి 15 బైట్ల వరకు ఉండవచ్చును. ఎన్ని బైట్లతో ఒక ఆదేశము ముగియునో మొదటి బైట్లను చదివిన గాని తెలియదు. అతిథి ఒక డిస్కుతోనో, నెట్‌వర్కు పరికరముతోనో మాటాడదలచినచో సాధారణముగా ఒక ప్రత్యేకమైన చిరునామాలో అంకెను వ్రాయును. ఆ చిరునామాలో నిజముగా మెమొరీ లేదు. పరికరమే ఉన్నట్లు భావన. అప్పుడు ప్రాసెసరు హైపర్‌వైజరును పిలుచును. హైపర్‌వైజరు అతిథి మెమొరీలోని ఆ ఆదేశమును చదివి, ఏ రిజిస్టరులోని అంకెను ఎచ్చటికి పంపవలెనో తెలిసికొని, ఆ పని చేయును. అనగా అభినయమునకు రెండు వస్తువులు కావలెను: అతిథి మెమొరీలోని ఆదేశము, అతిథి రిజిస్టరులలోని అంకెలు. ఈ రెండింటిని గుర్తుంచుకొన్నచో ముందు కథ సులభముగా బోధపడును.

గోడల నిర్మాణము

2016లో ఎ.ఎం.డి. సంస్థ ఎస్.ఇ.వి. అను పద్ధతిని ప్రకటించెను. 2017లో వెలువడిన ఎపిక్ ప్రాసెసర్లలో అది అమలునకు వచ్చినది. దీనిలో ప్రతి అతిథికిని వేరుగా ఒక గూఢలిపి తాళపుచెవి ఉండును. అతిథి మెమొరీ అంతయు ఆ చెవితో గూఢలిపిగా మారును. తాళపుచెవిని ప్రాసెసరులోని ప్రత్యేక భాగమొకటి భద్రపరచును. హైపర్‌వైజరునకు అది చిక్కదు. యజమాని గదిలోనికి తొంగిచూచినను అర్థములేని అక్షరములే కనబడును.

కాని ఇక్కడ ఒక వైరుధ్యము కలదు. ఆదేశమును చదివిన గాని హైపర్‌వైజరు అభినయింపలేడు. ఆదేశమేమో గూఢలిపిలో ఉన్నది! అందుచేత పిలుపు వచ్చినప్పుడు ప్రాసెసరే ఆ ఆదేశపు బైట్లను 15 వరకు విప్పి హైపర్‌వైజరునకు అందించు ఏర్పాటును వాడుకొనిరి. ఇది చక్కని ఉపాయమే. అయినను యంత్రము మనుష్యుడు చేసినది గదా. ఒక ప్రత్యేక పరిస్థితిలో ప్రాసెసరు ఆ బైట్లకు మారుగా సున్నను అందించుచున్నదని తెలియవచ్చినది. ఎ.ఎం.డి. దోషముల పట్టికలో దీని సంఖ్య 1096. మామూలు అతిథి విషయమున హైపర్‌వైజరు మెమొరీని స్వయముగా చదువుకొని ఈ దోషమును దాటగలడు. గూఢలిపి అతిథి విషయమున అది అసాధ్యము. 2019లో కె.వి.ఎం. నిర్మాతలు చేసిన సవరణ ప్రకారము, అట్టి స్థితి ఏర్పడినచో గూఢలిపి అతిథిని ఆపివేయుదురు. తెలియని ఆదేశమును ఊహించి అభినయించుటకంటె నిలిపివేయుటయే మేలని వారి నిర్ణయము. వ్యాధి తెలియక మందు ఇచ్చుటకు నిరాకరించిన వైద్యుని వివేకము వంటిది ఇది.

కిటికీ

తొలి పద్ధతిలో మెమొరీ దాగినది గాని రిజిస్టరులు దాగలేదు. అతిథి ఆగిన ప్రతిసారియు దాని రిజిస్టరులలోని అంకెలు హైపర్‌వైజరునకు కనబడుచుండెను. దీనిని సరిదిద్దుటకు 2017లో ఎస్.ఇ.వి.-ఇ.ఎస్. అను పద్ధతిని ప్రకటించిరి. దీనిలో రిజిస్టరులు కూడ గూఢలిపిలోనే భద్రమగును. అప్పుడు హైపర్‌వైజరునకు అభినయమునకు కావలసిన రెండవ వస్తువును పోయినది. మరి పని జరుగుటెట్లు?

అభినయ భారమును అతిథికే అప్పగించిరి. పట్టుబడు ఆదేశము తటస్థించినప్పుడు ప్రాసెసరు ముందుగా అతిథిలోనే 29వ సంఖ్య గల హెచ్చరికను పుట్టించును. అతిథిలోని కెర్నెలు, అనగా మూల ప్రోగ్రాము, ఆ ఆదేశమును తానే చదువుకొని, అవసరమైన అంకెలను మాత్రము గూఢలిపి లేని 4096 బైట్ల పుటలో వ్రాసి, హైపర్‌వైజరును పిలుచును. సమాధానము అదే పుటలో వచ్చును. ఇదియే మనము చెప్పుకొన్న కిటికీ. 2020 డిసెంబరులో వెలువడిన లినక్స్ 5.10 ఈ విధమున అతిథిగా నడచుట నేర్చుకొన్నది. ఇంటెల్ సంస్థ టి.డి.ఎక్స్. అను ఇట్టి పద్ధతినే నిర్మించెను. అందులో హెచ్చరిక సంఖ్య 20. దానికి తగిన అతిథి భాగము 2022లో లినక్స్ 5.19లో చేరినది.

గమనింపదగిన విషయమేమనగా, ఇంతకాలము హైపర్‌వైజరులో ఉండిన కష్టమైన పని ఇప్పుడు అతిథి ఇంటిలోనికే వచ్చినది. దానితోబాటు ఆ పనిలోని పొరపాట్లును వచ్చినవి.

మారిన చెక్కు

కార్యాలయములో గుమాస్తా ఒక చెక్కును పరిశీలించి సరిగానున్నదని చెప్పెననుకొందము. అది అధికారి బల్లమీదికి చేరులోపల ఎవరో దానిని తీసి వేరొక చెక్కును ఉంచిరి. అధికారి గుమాస్తా మాటను నమ్మి సంతకము చేసెను. 2023లో లినక్స్ లో బయటపడిన దోషము సరిగా ఇట్టిదే.

అతిథిలో నడచు ఒక సామాన్య ప్రోగ్రామునకు పరికరపు చిరునామాను వాడు అనుమతి ఉన్నదనుకొందము. అది ఆ చిరునామాలో వ్రాయు ఆదేశమును నడుపును. ప్రాసెసరు 29వ హెచ్చరికను పుట్టించును. కెర్నెలు వచ్చి ఆదేశమును మెమొరీ నుండి మరల చదువును. ఈ రెండు క్షణముల నడుమ అదే ప్రోగ్రాములోని మరొక భాగము ఆ ఆదేశపు బైట్లను మార్చివేయగలదు. క్రొత్త ఆదేశములోని చిరునామా కెర్నెలు సొంత మెమొరీకి చెందినది కావచ్చును. ప్రాసెసరు తనిఖీ చేసినది ఒక ఆదేశము. కెర్నెలు తన సర్వాధికారముతో నెరవేర్చినది మరొకటి. ఈ విధముగా సామాన్య ప్రోగ్రాము కెర్నెలు మెమొరీలో తనకిష్టమైనచోట వ్రాయగలదు. 2023 అక్టోబరులో వెలువడిన లినక్స్ 6.5.9లో దీనిని సవరించిరి. సామాన్య ప్రోగ్రాములకై ఇట్టి మెమొరీ అభినయము చేయుటనే మానివేసిరి; పోర్టులకు సంబంధించిన ఆదేశముల విషయమున అనుమతిని, చిరునామాను పరీక్షించు ఏర్పాటు చేసిరి.

అబద్ధపు తలుపు చప్పుడు

ఇంతవరకు చెప్పినది లోపలివాని మోసము. 2024 ఏప్రిలులో స్విట్జర్లాండులోని జూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయపు పరిశోధకులు బయటివాని మోసమును బయటపెట్టిరి. ప్రాసెసరునకు హెచ్చరికలను, అంతరాయములను అందించు అధికారము హైపర్‌వైజరుకు సహజముగా ఉన్నది. అట్టి ఆదేశమేదియు లేకున్నను హైపర్‌వైజరు 29వ హెచ్చరికను కల్పించి అతిథికి పంపినచో ఏమగును? కెర్నెలు దానిని నిజమని నమ్మును. హెచ్చరికతో వచ్చిన కారణసంఖ్యను బట్టి, తన రిజిస్టరులోని అంకెను కిటికీ పుటలో వ్రాసి చూపును. సమాధానముగా వచ్చిన అంకెను రిజిస్టరులో ఉంచుకొనును. ఆ రిజిస్టరులో రహస్యమున్నచో అది బయటపడినట్లే. ఈ మార్గమున క్రమముగా కెర్నెలు మెమొరీని చదువుటకును, మార్చుటకును కూడ వీలున్నదని వారు చూపిరి. వీ-సీ అని ఈ దాడికి పేరు పెట్టిరి.

హెక్లర్ అని పేరు పెట్టిన మరొక దాడిలో 128వ సంఖ్య గల అంతరాయమును వాడిరి. పాత 32 బిట్ల ప్రోగ్రాములు కెర్నెలును సేవ కోరుటకు ఉపయోగించు ద్వారమిది. బయటి నుండి వచ్చిన అంతరాయమును లోపలి ప్రోగ్రాము కోరిన సేవగా కెర్నెలు భ్రమించినందువలన, సంకేతపదమును అడుగు పరీక్షలనే దాటిపోవుటకు మార్గమేర్పడినది. ఈ లోపమునకు 2023 డిసెంబరులోనే లినక్స్ 6.6.7లో సవరణ వచ్చినది.

29వ హెచ్చరిక విషయమున చేసిన సవరణ ఎంత సరళమో విద్యార్థులు గమనింపదగును. ప్రాసెసరు వివరములను అడుగు సి.పి.యు.ఐ.డి. అను ఆదేశమునకు బైట్లు రెండు. దశాంశ పద్ధతిలో 15, 162. ఆ ఆదేశము వలననే హెచ్చరిక వచ్చినదని కారణసంఖ్య చెప్పినప్పుడు, కెర్నెలు తాను ఆగిన చోట నిజముగా ఆ రెండు బైట్లు ఉన్నవా యని చూచుకొనును. లేనిచో ఆ హెచ్చరిక అబద్ధము. తలుపు చప్పుడు విన్నంతనే గడియ తీయక, ఎవరని అడిగి చూచుకొనుట వంటిదిది. ఈ సవరణకు దాని కర్తలు ‘కొంతమేరకు గట్టిపరచుట’ అనియే పేరు పెట్టిరి. సంపూర్ణ రక్షణ యని చెప్పుకొనలేదు.

ఇంటెల్ పద్ధతిలోను ఇట్టి దోషమొకటి 2024లో సవరింపబడినది. పరికరపు చిరునామాలను కెర్నెలు స్వయముగా వాడినప్పుడు మాత్రమే అభినయము జరుగవలెనని అక్కడి నియమము. కాని సామాన్య ప్రోగ్రాము ఏదో సేవ కోరుచు, తనకు కనబడు పరికరపు చిరునామాను కెర్నెలుకు అందించినచో, ఆ చిరునామాను తాకునది కెర్నెలే గనుక నియమము సంతృప్తి పడినట్లే తోచును. హెచ్చరిక కెర్నెలులో పుట్టినదా అను పరీక్ష చాలలేదు. తాకబడిన చిరునామా కెర్నెలుదేనా అనియు చూడవలసివచ్చినది.

ఈ చరిత్ర నేర్పునది

ఈ దోషములలో ఏదియు గూఢలిపి గణితమును ఛేదించినది కాదు. తాళము చెడలేదు, తాళపుచెవి పోలేదు. లోపములన్నియు ఒక ఆదేశమును చదువుటలో, దాని వెనుకనున్న కోరిక ఎవరిదో తెలిసికొనుటలో ఏర్పడినవి. 1967 నాటి యంత్రములో అతిథి హైపర్‌వైజరును పూర్తిగా నమ్మెను. అప్పటి ప్రశ్న అతిథుల నుండి యజమానిని కాపాడుట యెట్లనునదే. యాబదియేండ్ల తరువాత ప్రశ్న తారుమారైనది. కాని హెచ్చరిక వచ్చినచో నిజమే అయి ఉండునను పాత అలవాటు ప్రోగ్రాములలో అట్లే మిగిలిపోయినది. నమ్మకము మారినప్పుడు, పాత నమ్మకముమీద వ్రాసిన ప్రతి పంక్తిని మరల చదువవలసియుండును. ఆదేశము నిజముగా ఉన్నదా, కోరినవారెవరు, చిరునామా ఎవరిది అను మూడు ప్రశ్నలను అడుగుట నేర్చుకొనుటయే పైన చెప్పిన సవరణలన్నిటి సారము. అద్దె యంత్రములలో భద్రమైయున్నవను నమ్మకముతో ప్రజలు ఉంచిన ఆరోగ్య వివరములును, ధనపు లెక్కలును ఈ చిన్న ప్రశ్నలమీదనే ఆధారపడి యున్నవి.