రైఫిల్‌కు నప్పే గుండు ఏది?

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 0.5 మిల్లీమీటర్లే. అక్కడ గురి ఒక్కటే చాలదు, పెల్లెట్ కూడా కుదరాలి. తల వ్యాసాన్ని బట్టి 4.49, 4.50, 4.51 మి.మీ. రకాలు దొరుకుతాయి. ఖరీదైనదే మేలనుకోవడం పొరపాటు. ఒక బ్యారెల్‌కు నప్పింది పక్కదానికి నప్పకపోవచ్చు. అందుకే చేతి వణుకు కలవకుండా రైఫిల్‌ను బిగించి, ఒక్కో రకాన్నీ వరసగా కాల్చి, రంధ్రాలు ఎంత మేర చెదిరాయో కొలుస్తారు. ఐదు గుండ్లతో తేల్చేయకూడదు, అదృష్టం కొద్దీ కూడా అవి ఒకేచోట పడొచ్చు. 50 మీటర్ల పోటీల్లో వాడే పాయింట్ 22 తూటాలకైతే కంపెనీ, పేరు ఒకటే అయినా లాట్ నంబర్ మారితే ఫలితం మారుతుంది. మంచి లాట్ దొరికితే షూటర్లు అప్పుడే పెద్దమొత్తంలో కొనిపెట్టుకుంటారు. అది అయిపోయాక పరీక్ష మళ్లీ మొదటికే.