అక్షరం వెనుక దీపం

పెళ్లి వీడియో మొదట్లో వధూవరుల పేర్ల మీదుగా ఒక మెరుపు జారిపోతుంది. వెంటనే అక్షరాల సందుల్లోంచి కిరణాలు విచ్చుకుంటాయి. ఎడిటర్‌కి ఇప్పుడది నిమిషాల్లో పని. కంప్యూటర్ రాకముందు ఇదే పనికి చీకటి గది, బల్బు, కెమెరా, బోలెడంత ఓపిక కావాల్సి వచ్చేవి.

నల్లటి ఫిల్ము మీద అక్షరాలు మాత్రమే పారదర్శకంగా ఉండేలా ప్రింటు తీసేవారు. దాన్ని గాజుపలక మీద పరిచి, కింద లైటు పెట్టేవారు. రంగు కావాలంటే మధ్యలో రంగు జెల్ కాగితం. కెమెరా షట్టర్‌ని తెరిచే ఉంచి, కెమెరాని మెల్లగా అక్షరం వైపు నడిపితే, నడిచినంత మేరా వెలుగు ఫిల్ము మీద చారలా సాగేది. షట్టర్ మూసి, ఫిల్ము ఒక ఫ్రేము జరిపి, కెమెరాని వెనక్కి తెచ్చి మళ్లీ మొదలు. తెరమీద ఒక్క సెకనుకి ఇలా 24 సార్లు! అక్షరం చుట్టూ కాంతివలయం కావాలంటే ఫిల్ముని వెనక్కి తిప్పి, లెన్సు ముందు మసక ఫిల్టర్ పెట్టి, అవే ఫ్రేముల మీద రెండోసారి తీసేవారు.

ఈ విద్యకి మూలపురుషుల్లో ఒకరు అమెరికాకి చెందిన జాన్ విట్నీ. విమానాల మీదికి ఫిరంగులు గురిపెట్టడానికి యుద్ధకాలంలో వాడిన యంత్రాన్ని ఆయన బొమ్మలు గీయడానికి మళ్లించాడు. 1958 నాటి ‘వెర్టిగో’ సినిమా టైటిల్స్‌లో తిరిగే సుడులు దాని చలవే. సన్నని చీలిక గుండా కాంతిని సాగదీసే ‘స్లిట్ స్కాన్’ పద్ధతిని డగ్లస్ ట్రంబుల్ 1968లో ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో ఓ కాంతి సొరంగంగా మార్చాడు. ఆ సినిమాకి పనిచేసిన కాన్ పెడర్సన్, రాబర్ట్ ఏబెల్‌తో కలిసి 1971లో పెట్టిన స్టూడియో ఆ వెలుగుల్ని టీవీ ప్రకటనల్లోకి తెచ్చింది. 1978లో ‘సూపర్‌మ్యాన్’ వచ్చింది. గ్రీన్‌బర్గ్ సోదరుల సంస్థ చేసిన టైటిల్స్‌లో పేర్లు నీలికాంతి తోకలతో ప్రేక్షకుల మీదికి దూసుకొచ్చాయి.

1993లో రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ నుంచి ‘ఆఫ్టర్ ఎఫెక్ట్స్’ అనే వీడియో సాఫ్ట్‌వేర్ వెలువడింది. తర్వాత స్వీడన్ వాళ్లు దానికి రెండు మెరుగులు దిద్దారు. సైకోర్ వాళ్ల ‘లైట్ స్వీప్’ అక్షరం మీద మెరుపుని జార్చితే, ట్రాప్‌కోడ్ వాళ్ల ‘షైన్’ కిరణాల్ని చిమ్మింది. నిజానికి ఇక్కడ దీపమేదీ లేదు. అక్షరంలో వెలుగున్న చుక్కల్ని ఒక కేంద్రం నుంచి బయటికి లాగి పులమడమే. ఒకప్పుడు తెలుగు ఒత్తులు ఆ సాఫ్ట్‌వేర్‌లో చెదిరిపోయేవి కాబట్టి మన ఎడిటర్లు పేరుని ఫొటోషాప్‌లో బొమ్మగా చేసి తెచ్చుకునేవారు. మెరుపుకి మాత్రం లిపితో పేచీ లేదు. దానికి ఆకారం ఉంటే చాలు.

దీపం పోయినా దాని నియమం పోలేదు. ఒకే ఫ్రేము మీద రెండుసార్లు పడిన వెలుగు కలిసిపోయినట్టే, ఇప్పుడు ‘యాడ్’ మోడ్‌లో రెండు లేయర్ల వెలుగు కలుస్తుంది. కావాలంటే కిరణాలు చిమ్మే టైటిల్ వెనుక ఓసారి తెల్ల రంగు పెట్టి చూడండి. తెలుపుకి కలపడానికి ఇంకేమీ మిగలదు, కిరణాలు మాయమవుతాయి. మళ్లీ నలుపు పెట్టగానే తిరిగొస్తాయి. ఆ నలుపు, వెనకటి చీకటి గదే.