నరసాపురం కొక్కెం, పసిబిడ్డ చారల దుప్పటి

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం కావాలని అడిగినప్పుడు రాజుల సంగతో, శాసనాల సంగతో వ్రాస్తామని సంఘ సభ్యులు ఎదురుచూడటం సహజం. తుంగభద్ర కాలువ నీళ్ళు తాగుతూ, హంపీకి ఇంత దగ్గరలో కాపురం ఉంటూ, విజయనగరం ఊసెత్తకపోవటం మా తప్పే కావచ్చు. అయినా ఈసారికి మేము ఒక పసిబిడ్డ దుప్పటి గురించి వ్రాయదలచాము. చదువరులు నవ్వకుండా చివరిదాకా చదవాలని మనవి.

ఆ దుప్పటి మా ఇంట్లో, మా మామ్మగారి ట్రంకు పెట్టె అడుగున ఉన్నది. రెండు మూరల పొడవు, అంతకు కొంచెం తక్కువ వెడల్పు. తెలుపు చార, నీలం చార, మళ్ళీ తెలుపు, మళ్ళీ నీలం. పువ్వు లేదు, లత లేదు. చుట్టూ సన్నని అంచు మాత్రం ఉన్నది. దాని మీద మా ఇంట మూడు తరాల పిల్లలు పడుకున్నారు. ఒక మూల ఎలుక కొట్టింది. ఈ మధ్య పెట్టె సర్దుతూ, ఇది ఎవరు నేర్పిన పని, ఎక్కడినుండి వచ్చిన పని అని విచారించగా కథ చాలా దూరం పోయింది.

మన కుటుంబాలు ఈ ప్రాంతానికి వచ్చిన వైనం పెద్దలందరూ ఎరిగినదే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువ కింద రాయచూరు సీమ భూములకు నీరు వచ్చిన తరువాత, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడ ఉన్న కొద్ది భూమినీ అమ్ముకొని, ఇక్కడ అంతకు ఎక్కువ కొనుక్కొని, గంగావతి, సింధనూరు తాలూకాలలో గుడిసెలు వేసుకొన్నారు. ఆ గుడిసెలే క్యాంపులైనవి. మగవారు తెచ్చిన వస్తువులు మన జ్ఞాపిక సంచికలలో చాలాసార్లు అచ్చయినవి. నాగళ్ళు, విత్తనపు వడ్లు, ఒంగోలు గిత్తలు. ఆడవారు తెచ్చినవాటి జాబితా ఎవరూ వ్రాయలేదు. మా మామ్మగారు నరసాపురం దాపునుండి బయలుదేరి, బెజవాడలో చిన్న గేజీ బండి ఎక్కి, గుంతకల్లు మీదుగా హోస్పేటకు వచ్చినప్పుడు ఆమె రవికె ముడిలో ఒక ఇనుప కొక్కెం ఉన్నదట. జానెడు కూడా ఉండదు. కొసన చిన్న వంపు. దీనినే మన ఇళ్ళలో క్రోషియా సూది అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న కొక్కెమనే అర్థం.

ఇది మన పూర్వపు పని కాదు. మనవాళ్ళ ఇళ్ళలో పుట్టిన బిడ్డను కొత్తబట్టలో చుట్టటం ఆచారం కాదు గదా! అమ్మమ్మ పాత చీర, తాతగారి పాత పంచె, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడినవి, నాలుగు మడతలు వేసి కుట్టిన బొంతే పసివాడికి పక్క. బొంతకు కొత్తదారం పని లేదు, కొనుబడి లేదు. దారం కొని, ఒక్కొక్క కన్నే అల్లి, బిడ్డకోసం కొత్తగా దుప్పటి పుట్టించటం వేరే సంప్రదాయం. అది ఐరోపానుండి వచ్చినది.

అక్కడ కూడా అది అంత పాతదేమీ కాదు. కొక్కెంతో అల్లే మాదిరులు మొదటగా అచ్చయినది 1823లో, పెనెలోపె అనే ఒక డచ్చి స్త్రీల పత్రికలో. అవి డబ్బు సంచుల మాదిరులు. ధనవంతుల ఇళ్ళలో పొద్దుపుచ్చటానికి పుట్టిన ఈ పని పేదల చేతికి వచ్చింది కరువువల్ల. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి లక్షలాది జనం ఆకలికి మాడినప్పుడు, కన్యకామఠాల సన్యాసినులూ, మత గురువుల భార్యలూ పల్లెటూరి ఆడవారికి క్రోషియా నేర్పారు. వెనీసు నగరపు ఖరీదైన సూదిలేసును పోలినట్లుగా కొక్కెంతో త్వరగా అల్లే ఉపాయం అది. ఆ అమ్మకంతో ఇళ్ళలో పొయ్యి వెలిగింది. కొందరు ఆ డబ్బుతోనే ఓడ టిక్కెట్టు కొని అమెరికాకు వలస వెళ్ళారని చెప్పుకొంటారు. వలస వచ్చినవాళ్ళం గనుక ఆ మాట చదివినప్పుడు మాకు కొంత చనువు కలిగింది. తరువాత తరువాత ఇది రాణివాసానికి కూడా ఎక్కింది. విక్టోరియా రాణి తన చివరి రోజులలో, 1900లో, దక్షిణాఫ్రికా యుద్ధంలో సాహసం చూపిన సిపాయిలకు ఇవ్వటానికి ఎనిమిది కంఠవస్త్రాలు స్వహస్తాలతో అల్లినది. అమెరికా ఆడవారు ఇటువంటి రంగుల దుప్పటిని అఫ్ఘాను అంటారట. అఫ్ఘానిస్థానంలో దానిని ఎవరైనా కప్పుకొన్నారో లేదో గాని, పేరు మాత్రం నిలిచింది.

ఇక మన గోదావరి సంగతి. నరసాపురం బట్టకు పేరున్న ఊరు. దాని పక్కనున్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీవారి వర్తకస్థానం ఉండేది. అక్కడి మెత్తని నూలుబట్ట ఆ ఊరి పేరునే నోరు తిరగక మడపొల్లం అయి, ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కింది. ఆ తరువాత మాంచెస్టరు మరబట్ట వచ్చి నేతగాళ్ళ మగ్గాలను మూలకు నెట్టింది. నందన కరువు 1833లో జిల్లాను ఊడ్చింది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్సు వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఇంగ్లండునుండి డెల్టాకు వచ్చి స్థిరపడ్డారు. లేసు అల్లిక మాత్రం స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు నేర్పారనీ, అది 1844 అనీ నరసాపురంలో తరతరాలుగా చెప్పుకొంటారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. కాటన్ దొర దానిని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. అంటే ఐర్లండులోనూ, గోదావరిలోనూ కొక్కెం ఆకలి వెనుకనే వచ్చినదన్నమాట.

మొదట నేర్చుకొన్నవారు మిషను పంచన చేరిన నిరుపేద స్త్రీలు. వారినుండి పని ఇల్లిల్లూ పాకి, గడప దాటని కాపు కుటుంబాల లోగిళ్ళలోకి వెళ్ళింది. గడప దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పని గనుక మగవారికి అభ్యంతరం లేకపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో వర్తకులు దీనిని పెద్ద ఎగుమతి వ్యాపారంగా చేశారు. షావుకారు, ఆయన కింద ఏజెంటు, ఏజెంటు కింద వీధి అరుగుమీద కూర్చునే ఆడవారు. దారం లెక్కపెట్టి ఇస్తారు, అల్లిక లెక్కపెట్టి తీసుకొంటారు. ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది. అది చేతిపని. వేరొకామె ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగానో, దిండు గలీబుగానో చేస్తుంది. అది అతుకుపని. పువ్వు అల్లినామెకు పూర్తి గుడ్డ ఎలా ఉంటుందో చాలాసార్లు కంటపడదు. అది ఏ దేశంలో ఎవరి బల్లమీద పరుస్తారో అసలే తెలియదు.

ఈ విషయాన్ని మరియా మీస్ అనే జర్మను విదుషి అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున నరసాపురం పల్లెలలో తిరిగి పరిశీలించి, 1982లో ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రకటించారు. లక్షమంది స్త్రీలు చేసే ఆ పనికి రోజంతా అల్లినా రూపాయి దక్కేది కాదని ఆమె తేల్చారు. అంతకన్న ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. వారిని పనివారని ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చున్న ఇల్లాళ్ళు తీరిక వేళ చేతులు ఊరకుండక చేసే అల్లిక అన్నారు. కూలి అనలేదు గనుక కూలి రేటు లేదు. జనాభా లెక్కల గుమాస్తా వచ్చి “ఏం పని చేస్తారమ్మా?” అంటే “ఏమీ లేదు బాబూ, ఇంట్లోనే” అని వారే చెప్పేవారు.

మా మామ్మగారు కూడా అదే చెప్పేది! పెళ్ళికి ముందు ఆరేడేళ్ళపాటు ఒక ఏజెంటుకు చేతిపని చేసింది. దారం తక్కువ వచ్చిందని ఒక నెల డబ్బులు కోసివేశాడట. కోసినది ఎంత అంటే గుర్తులేదనేది. ఆ దారం తాను తినలేదనే మాట మాత్రం తొంభయ్యో ఏట కూడా మరచిపోలేదు. “మరి అది ఉద్యోగమే గదా మామ్మా?” అని మేమంటే, “ఊరుకోండిరా, మీరూ మీ ఉద్యోగాలూ! అది పొద్దుపోని పని” అని తోసివేసేది.

పొద్దుపోని పని ఎంతటిదో మేము ఆ దుప్పటి పట్టుకొని లెక్కవేశాము. వెడల్పు ముప్పై అంగుళాలు, అంగుళానికి నాలుగు కన్నుల చొప్పున వరసకు 120 కన్నులు. పొడవు ముప్పైఆరు అంగుళాలు, అంగుళానికి రెండు వరసల చొప్పున 72 వరసలు. మొత్తం 8,640 కన్నులు. ఒక్కొక్క కన్నుకు దారాన్ని నాలుగుసార్లు కొక్కేనికి చుట్టి లాగాలి. నిమిషానికి పన్నెండు కన్నులు వేసే చెయ్యి తిరిగిన మనిషికైనా పన్నెండు గంటలు పడుతుంది, అంచు కాక, ఊడదీసి మళ్ళీ వేసినవి కాక. ఇది లావు దారపు ముతక పని. నరసాపురపు సన్నదారం లేసుకు ఈ లెక్క చాలదు.

చారలలో కూడా ఒక కిటుకు ఉన్నది. మా దుప్పటిలో ప్రతి చారా రెండు వరసలే. మొదట గొలుసు వేసి, దానిమీద ఒక వరస ఇటునుండి అటు, రెండవది అటునుండి ఇటు అల్లితే, కొక్కెం బయలుదేరిన అంచుకే తిరిగి వస్తుంది. అక్కడ రెండవ రంగు దారం కాచుకొని ఉంటుంది. ఈ దారం తెంపకుండా వదలి ఆ దారం అందుకోవచ్చు. వదలిన దారాన్ని అంచు వెంబడే పైకి తెచ్చుకొంటే చివర అల్లే అంచులో కలిసిపోతుంది. ఒక్కొక్క వరసకే రంగు మార్చబోయారా, కావలసిన దారం అవతలి కొసన ఉంటుంది. తెంపాలి, ముడి వేయాలి, కొసలన్నీ దాచాలి. రంగు మార్చేది కూడా కొత్త వరసలో కాదు. పాత వరస చివరి కన్నును ముగించే ఆఖరి లాగుడులోనే కొత్త రంగు అందుకోవాలి. లేకుంటే చార అంచున పళ్ళు పళ్ళుగా కనిపిస్తుంది. ఇక కొత్తగా నేర్చుకొనేవారు చేసే పొరపాటు ఒకటే, వరస చివరి కన్ను మరచిపోవటం. వరసకొక కన్ను తగ్గి, దుప్పటి కాస్తా పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. మా ఇంట్లో కోడళ్ళందరూ మొదట అల్లినవి విసనకర్రలే.

పువ్వులు లేకపోవటానికి కూడా కారణం ఉన్నది. లేసులో సందులు ఎక్కువ, పసివాడి వేళ్ళు చిక్కుకొంటాయి. బిడ్డకు వేసేది గట్టిగా, సాదాగా ఉండాలి. చారలంటారా, అవి మిగిలిన ఉండలను ఖర్చుపెట్టే మార్గం. ఒకే రంగు నూలు పూర్తి దుప్పటికి సరిపడా కొనటానికి క్యాంపులో ఎవరి దగ్గర డబ్బు ఉండేది? రేగడి భూమి చదునుచేసి మళ్ళు కట్టే ఆ తొలి సంవత్సరాలలో ఒక ఇంటి తెల్ల ఉండ, మరొక ఇంటి నీలి ఉండ కలిపి చారలు వేసుకొన్నారు. మా దుప్పటిలో పదమూడో చార నీలం మిగతావాటికన్న ఒక వన్నె తక్కువ. అది పొరుగింటివారి ఉండ.

షావుకారూ, ఏజెంటూ లేని ఈ దేశంలో మా మామ్మగారు మొదటిసారిగా పూర్తి వస్తువు తన చేతిమీదుగా చూసుకొన్నది. మొదటి గొలుసునుండి చివరి ముడిదాకా తానే. క్యాంపులో ఎవరు పురిటికి సిద్ధమైనా ఆమెకు కబురు వచ్చేది. కన్నడ ఇరుగుపొరుగులు ముందు వింతగా చూశారు. అది కురుబలు నేసే నల్లని గొర్రెబొచ్చు కంబళి వాడే సీమ. తరువాత వారి ఆడపిల్లలే మధ్యాహ్నం వేళ వచ్చి ఆమె పక్కన కూర్చుని నేర్చుకొన్నారు. మనం కుల్లాయి అన్నదానిని వారు కులావి అంటారు. మాట కలిసినచోట చెయ్యి కలవటం కష్టం కాలేదు. డబ్బు ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగలేదు. జొన్నలు వచ్చేవి, సజ్జరొట్టెలు వచ్చేవి.

ఈ కొక్కెపు అల్లికను అచ్చంగా అల్లే యంత్రం ఈనాటికీ వాడుకలోకి రాలేదు. బజారులో అటువంటిదే మర లేసు, చైనా సరుకు, కారుచౌకగా దొరుకుతుంది గాని అది వేరు నేత. నిజమైన క్రోషియా ఎక్కడ కనిపించినా దాని వెనుక ఒక మనిషి చెయ్యి ఉన్నట్లే. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు పెట్టారు. అల్లేవారు సహకార సంఘాలుగా కూడారు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు చట్టపు కాపుదల వచ్చింది. అల్లిన మనిషి పేరు ఎక్కడా ఉండదు, మడపొల్లం బట్టమీద నేతగాడి పేరు లేనట్లే.

సంఘ కార్యవర్గం దయతో ఒప్పుకొన్నది గనుక ఒక విన్నపం. ఈ ఉగాదికి పంచాంగ శ్రవణం జరిగే పందిరిలో ఒక బల్ల వేయిస్తున్నాము. మీ ఇళ్ళలో అమ్మమ్మలు, మామ్మలు, పెత్తల్లులు అల్లిన దుప్పట్లు, కుల్లాయిలు, గుమ్మం తోరణాలు ఏవి ఉన్నా, చిరిగినవైనా సరే, ఉతికి తీసుకురండి. అల్లినవారి పేరు, పుట్టిన ఊరు, ఈ దేశానికి వచ్చిన సంవత్సరం ఒక చీటీమీద వ్రాసి గుచ్చండి. “చేసిన పని” అనేచోట “ఏమీ లేదు” అని మాత్రం వ్రాయకండి. మాది మొదటి చీటీ. ఎలుక కొట్టిన మూలను ఆ ఉదయానికి మా పెద్ద కోడలు బాగుచేసి ఇస్తానన్నది. అంత పాత నీలం రంగు దారం బజారులో దొరకలేదు, ఎర్రదారంతోనే వేస్తున్నది.