విశేషణము కథ: ఆంగ్ల భాషాభాగములును, మన తెలుగును

చెన్నపురి, కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబముల బిడ్డలలో పలువురు నేడు వ్యాకరణమను మాటను మొదట ఆంగ్లపాఠములోనే విందురు. నౌను, ప్రొనౌను, యాడ్జెక్టివు మొదలుగాగల ఎనిమిది భాషాభాగములు వారికి సర్వభాషలకును సహజములని తోచును. అవి అట్టివి కావనియు, వానికొక చరిత్ర కలదనియు తెలుపుటకు యాడ్జెక్టి వొక్కటి చాలును. దీనినే మనము విశేషణ మందుము.

గ్రీకు వైయాకరణుడు డయొనీసియస్ థ్రాక్స్ పేరిట వెలసిన ప్రాచీన గ్రంథమున ఎనిమిది భాషాభాగము లున్నను, అందు విశేషణమునకు ప్రత్యేకస్థానము లేదు. అది నామములోనే చేరియున్నది. లాటిను వైయాకరణులును ఈ మార్గమునే అనుసరించిరి. ఇందుకు కారణము స్పష్టము. లాటినున మంచి యను అర్థము గల పదము పుంలింగమున బోనుస్, స్త్రీలింగమున బోనా, నపుంసకమున బోనుం అగును. సంస్కృతమున సుందరః, సుందరీ, సుందరమ్ అనునట్లే విశేష్యముయొక్క లింగవచన విభక్తులను విశేషణమును ధరించును. రూపమున నామమువలె నుండు పదమును నామమని పిలుచుట న్యాయమే.

ప్రాచీనాంగ్లమునను విశేషణమున కిట్టి ప్రత్యయము లుండెను. మధ్యయుగములు ముగియునాటికి అవి దాదాపు నశించి, గుడ్ అను పదము పురుషునకును, స్త్రీకిని, బహువచనమునకును ఒక్కటే రూపమై నిలిచినది. అయినను లాటిను మర్యాద చిరకాలము సాగెను. 1761లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ తన వ్యాకరణమున విశేషణమును నామమునుండి వేరుచేసెను. 1795లో వెలువడి విశేష ప్రచారము గాంచిన లిండ్లీ మరే వ్యాకరణము దానిని తొమ్మిది భాషాభాగములలో ఒకటిగా నెంచినది.

ఈ విభాగముతో పెరిగిన ఆంగ్లేయులే చెన్నపురిలో తెలుగు నభ్యసించిరి. 1812లో సెంట్ జార్జి కోట కళాశాల వెలసినది. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణము, 1840లో బ్రౌను వ్యాకరణము వెలువడినవి. 1856లో కాల్డ్వెల్ తన ద్రావిడభాషా వ్యాకరణమున, మన విశేషణములు నిజమునకు గుణవాచక నామములేయనియు, మరియొక నామమునకు ముందు నిలుచుటచేతనే విశేషణము లగుచున్నవనియు ప్రతిపాదించెను. ఆ దశాబ్దముననే చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములున్నవి గాని, విశేషణమునకు వేరొక పరిచ్ఛేదము లేదు. సమాస పరిచ్ఛేదమున కర్మధారయ ప్రసంగమున దాని విచారణ కలదు. పిమ్మట పాఠశాలల తెలుగు వ్యాకరణములలో నామవాచకము, సర్వనామము, విశేషణము, క్రియ, అవ్యయము అను ఐదు విభాగములు స్థిరపడినవి.

తెలుగు విశేషణముయొక్క స్వభావ మెట్టిది? మంచి బాలుడు, మంచి బాలిక, మంచి బాలురు అనునపుడు అది ఆంగ్లమున వలె మార్పులేనిది. కాని వాక్యాంతమున నిలుచునపుడు వాడు మంచివాడు, ఆమె మంచిది, వారు మంచివారు అని లింగవచనములను చూపును. నేను మంచివాడను, నీవు మంచివాడవు అని పురుషభేదమునుగూడ తెలుపును. ఇది సంస్కృత విశేషణమునకును లేని శక్తి. మన యిరుగుపొరుగు తమిళులును అవన్ నల్లవన్, అవళ్ నల్లవళ్ అందురు. వారి నల్ల మనకు మంచి, మన నల్ల వారికి కరుప్పు. అర్థము వేరైనను కట్టడి యొక్కటే.

ఆంగ్లపు అచ్చును మాత్రమే ఎరిగిన బిడ్డ ఆమె మంచి అని వాక్యము ముగించినచో, దోషము బిడ్డది కాదు. తెలుగు మాట ఇంట వినబడుచున్నను, దాని కట్టడి నెవ్వరును చూపకపోవుటయే కారణము. కావున తమిళనాట మన బిడ్డలకు యాడ్జెక్టివు నేర్పు దినముననే మంచి, మంచివాడు, మంచిది అను మూడు మాటలను పలకపై వ్రాసి చూపుట పెద్దలకు కర్తవ్యము. అట్లు చేసినచో ఆంగ్లమును తేటపడును, ఇంటి భాషయు నిలుచును.