కొలువునకు పోటీ: యోగ్యతా పరీక్షల పూర్వచరిత్ర

కొలువు ఒకటి, కోరువారు నూర్గురు. ఆ నూర్గురిలో ఒక్కని ఏరుట ఎట్లు? ప్రతి ప్రభుత్వమునకును ఈ చిక్కు తప్పలేదు. వంశమును చూచి ఇచ్చుట, సిఫారసును చూచి ఇచ్చుట, విద్యను చూచి ఇచ్చుట అను మూడు మార్గములలో మూడవది లోకమున స్థిరపడుటకు బహుకాలము పట్టినది.

ఈ మార్గమును ముందుగా త్రొక్కినవారు చీనా దేశీయులు. క్రీ. శ. 605 ప్రాంతమున సూయి వంశపు కాలములో ఆరంభమైన ఉద్యోగ పరీక్షలు 1905 వరకు, అనగా సుమారు 1300 సంవత్సరములు, అచ్చట నడచినవి. సుంగ్ వంశపు కాలమున ఒక చక్కని కట్టుబాటు ఏర్పడెను. జవాబు పత్రముపై పరీక్షార్థి పేరును కాగితముతో కప్పెడివారు. దస్తూరిని బట్టి మనిషిని గుర్తింతురేమో యని పత్రము నంతయు వేరొక లేఖకునిచే తిరిగి వ్రాయించి, ఆ ప్రతిని మాత్రమే పరీక్షాధికారికి అందించెడివారు. మంత్రి కుమారుడైనను, రైతు బిడ్డయైనను, అధికారి కంటికి కనబడునది వ్రాతలోని సారమే.

అయినను లోపములు లేకపోలేదు. స్త్రీలకు ప్రవేశము లేదు. ఏండ్ల తరబడి చదువుటకు తీరికయు ధనమును గలవారిదే పైచేయి. కాలక్రమమున ఎనిమిది భాగముల వ్యాసమను బిగువైన చట్రము ఏర్పడి, సొంత ఆలోచనకు చోటు తగ్గినది. పూ సుంగ్‌లింగ్ అనువాడు 1658లో మొదటి మెట్టు పరీక్షలలో ప్రథముడై నిలిచియు, పై మెట్టును దశాబ్దముల ప్రయత్నముతోనైనను ఎక్కలేకపోయెను. అతడు వ్రాసిన వింత కథలు మాత్రము నేటికిని చదువబడుచున్నవి. పరీక్షలో నెగ్గనివాడెల్ల అయోగ్యుడు కాడనుటకు ఇది నిదర్శనము.

భారతదేశమున ఈస్టిండియా కంపెనీవారి దొరతనములో పెద్ద కొలువులు డైరెక్టర్ల సిఫారసుపై ఆధారపడి యుండెను. కొలువు ముందు, పరీక్ష తరువాత. చెన్నపట్టణమున 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాలలో క్రొత్తగా వచ్చిన దొరలు దేశభాషలు నేర్చి పరీక్ష నిచ్చెడివారు. తెలుగునకు మహోపకారము చేసిన సి. పి. బ్రౌను 1817లో వచ్చి, 1820లో అచ్చటనే తెలుగు పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను.

1853 నాటి చట్టము ఈ సిఫారసుల పద్ధతిని తొలగించెను. 1854లో మెకాలే అధ్యక్షతన గల సంఘము నివేదిక నీయగా, 1855లో లండనులో మొదటి పోటీ పరీక్ష జరిగెను. అన్ని విషయములను పైపైన తాకినవానికి మార్కులు రాకూడదనియు, కొన్నిటినైనను లోతుగా చదివినవాడే గెలువవలెననియు ఆ సంఘము కోరెను. మాట న్యాయమైనదే, కాని త్రాసు సమముగా లేదు. ఆ నివేదికలో గ్రీకునకు 750, లాటినునకు 750 మార్కులుండగా, సంస్కృతమునకు 375, అరబ్బీకి 375 మాత్రమే. పరీక్షయో సముద్రమునకు ఆవలి ఒడ్డున!

ఇన్ని అడ్డంకులను దాటి 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు ఆ పరీక్షలో నెగ్గి, సివిల్ సర్వీసున ప్రవేశించిన మొదటి భారతీయుడయ్యెను. పిదప వయఃపరిమితి దిగజారసాగెను. మొదట 23 ఏండ్లుగా నున్నది 1866 నాటికి 21, 1878 నాటికి 19 అయ్యెను. 1869లో నెగ్గిన సురేంద్రనాథ బెనర్జీని వయస్సు మించినదని తొలగింపగా, నడుచుచున్న ఏడును కూడ లెక్కించుట ఈ దేశపు ఆచారమని న్యాయస్థానమున వాదించి ఆయన గెలిచెను. ఈ దేశముననే పరీక్ష జరుపవలెనను కోరిక 1922లో గాని నెరవేరలేదు; ఆ యేడు అలహాబాదున పరీక్ష ఆరంభమయ్యెను. అంతకుముందే, 1920లో నాల్గవ స్థానమున నిలిచిన సుభాష్ చంద్ర బోసు 1921లో ఆ కొలువును విడిచి దేశసేవకు దిగెను.

రాష్ట్రములలో ఉద్యోగుల ఎన్నికకై మొదటి సంఘము మద్రాసున 1929 నాటి చట్టముచే ఏర్పడినది. కోస్తా, రాయలసీమలు నాడు ఆ రాష్ట్రములోనివే. ఆంధ్రప్రదేశమునకు 1956లోను, తెలంగాణమునకు 2014లోను వేరు సంఘములు వచ్చినవి. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షను తెలుగున వ్రాయు వీలు 1979 నుండి కలిగినది. గ్రీకు, లాటినులు ఏలిన చోట తెలుగు నిలుచుటకు నూట యిరువదియేండ్లు దాటినవి.

ఇప్పుడు ఆ పరీక్షలో వ్రాతకు 1750, ముఖాముఖి సంభాషణకు 275 మార్కులు. కావున మాటచాతుర్యము కొంత తోడగును గాని, చదువుకు బదులు కాజాలదు. పేరు కనబడని పత్రములో అభ్యర్థి తరఫున పలుకునది అతడు చదివినదియు, ఆలోచించినదియు మాత్రమే. చీనా దేశమున వలెనే ఇచ్చటను పుస్తకములు కొనగలవానికే మేలు జరిగినచో పరీక్ష సమానమైనదను మాటకు అర్థముండదు. ఆ కొరతను కొంతయైనను తీర్చునది గ్రామ గ్రంథాలయము. చందా కట్టలేని బిడ్డకు కూడ అచ్చట ఒక దీపము, ఒక బల్ల, కావలసిన పుస్తకము దొరకినప్పుడే పోటీ న్యాయమైన పోటీ యగును.